తేదీ మారే దీపం: ఒక యూదు సైనికుడి చివరి చలికాలం

నేను అమెరికా తూర్పు తీరంలో ఒక హాస్పిస్‌లో సోషల్ వర్కర్‌ని. ఆరు నెలలకు మించి బతకడం కష్టమని వైద్యులు చెప్పినవారికి ఇంటి దగ్గరే ఉపశమన సేవలు అందించడం మా పని. ఈ కేసు 2018-19 చలికాలం నాటిది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. ఊరు, వృత్తి, పిల్లల వివరాలు మార్చాను, పేర్లు చెప్పడం లేదు. తేదీల లెక్కను మాత్రం మార్చలేదు, ఎందుకంటే కేసు నడిచిందంతా ఆ లెక్క మీదే. రోగిని ‘పెద్దాయన’ అంటాను.

నేపథ్యం

పెద్దాయన 1923లో న్యూయార్క్‌లో పుట్టారు. తల్లిదండ్రులు తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదులు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సాయుధ దళాల్లో సుమారు 5,50,000 మంది యూదులు పనిచేశారు. వారిలో ఆయనొక పదాతి సైనికుడు. 1944 చివర్లో బెల్జియంలోని ఆర్డెన్ అడవుల్లో పోరాడారు. తిరిగివచ్చి 1949లో పెళ్లి చేసుకున్నారు. యుద్ధం నుంచి వచ్చినవారికి ప్రభుత్వం ఇచ్చిన హామీతో రుణం తీసుకుని చిన్న ఇల్లు కొన్నారు. నలభై ఏళ్లు ఇనుప సామాన్ల దుకాణం నడిపారు. ముగ్గురు పిల్లలు, ఏడుగురు మనుమలు. భార్య పోయి అప్పటికి ఏడేళ్లు. గుండె బాగా బలహీనపడి 2018 నవంబర్‌లో మా దగ్గర చేరేనాటికి ఆయనకు 95 ఏళ్లు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, పక్కన గది గాలి నుంచి ఆక్సిజన్ తీసే యంత్రం. పెద్ద కుమార్తె నాలుగు వీధుల అవతల ఉంటూ రోజూ వచ్చి చూసుకునేవారు.

కుటుంబం అడిగింది, మేం చేసింది

కుమార్తె మొదటి రోజే ఒక కోరిక కోరారు. ‘నాన్న యుద్ధం గురించి ఎప్పుడూ నోరు విప్పలేదు. పోయేలోగా ఆయన కథ రికార్డు చేయించండి.’ న్యాయమైన కోరిక అనిపించింది. మా రంగంలో ఇందుకు పద్ధతులున్నాయి. వృద్ధులు గతాన్ని తవ్వుకోవడం మతి తప్పడం కాదని, జీవితాన్ని సరిచూసుకునే పని అని రాబర్ట్ బట్లర్ 1963లోనే రాశారు. కెనడాకు చెందిన హార్వే చోచినోవ్ మరణానికి దగ్గరైనవారి కోసం కొద్దిపాటి ప్రశ్నలతో ఒక చికిత్సా పద్ధతిని రూపొందించారు. నేను ఆ ప్రశ్నలే పట్టుకుని వెళ్లాను.

మూడుసార్లు కూర్చున్నాం. ‘మీ జీవితంలో ముఖ్యమైన ఘట్టాలేమిటి?’ అంటే ‘అందరివీ ఏవో అవే’ అన్నారు. ‘మనుమలకు ఏం చెప్పాలనుకుంటున్నారు?’ అంటే ‘వాళ్లకు తెలుసు’ అన్నారు. మనుమడు కెమెరా పెడితే ఆయన చేతులు ఒడిలో పెట్టుకుని, పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నట్టు కూర్చున్నారు. అంతకుముందు, నవంబర్ 11న మాజీ సైనికుల దినం నాడు, ఒక వాలంటీరు వచ్చి ఆయన చొక్కాకు బ్యాడ్జీ పెట్టి సెల్యూట్ చేశారు. ఆయన మర్యాదగా తల ఊపారు. వాలంటీరు గడప దాటగానే బ్యాడ్జీ తీసి బల్ల సొరుగులో వేశారు. అది చూసి కూడా నేను ఆ వారం నోట్సులో ‘కార్యక్రమం బాగా జరిగింది’ అని రాశాను. అప్పుడే ఆగి ఉండాల్సింది. గౌరవం భరించలేకపోతున్న మనిషిని మళ్లీ అదే విషయం అడగడం మాని, ఎందుకు భరించలేకపోతున్నారో ఆలోచించి ఉండాల్సింది.

సమస్య

డిసెంబర్ 13 ఉదయం నర్సు వెళ్లేసరికి వంటగది సింకులో గాజు గ్లాసులో కొవ్వొత్తి వెలుగుతోంది. ఆక్సిజన్ ఉన్న ఇంట్లో నిప్పు అంటే మాకు గుండె ఆగినంత పని. యంత్రం ఆపేసి ఉంది, గొట్టం కుర్చీ మీద చుట్టి ఉంది. ఆయన పెదవులు నీలంగా మారాయి. ‘ఈ రోజు తేదీ ఎంత?’ అని అడిగితే ఆయన ఒక అంకె చెప్పి, తర్వాత నర్సుకు అర్థం కాని మాటేదో అన్నారు. ఆమె మూడు విషయాలు నమోదు చేశారు: నిప్పుతో ప్రమాదం, సొంతంగా ఆక్సిజన్ ఆపేయడం, పొంతన లేని మాట. రాత్రిపూట మత్తు మందు పెంచుదామా అన్న చర్చ వచ్చింది. అంచనా వేయమని నన్ను పంపారు.

కుమార్తె తన నోటుపుస్తకం తెచ్చి చూపించారు. తండ్రికి మతిమరుపు మొదలైందన్న అనుమానంతో 2016 నుంచి డాక్టరుకు చూపించడానికి రాసుకుంటూ వస్తున్నారు. అందులో కొవ్వొత్తి మూడుసార్లు ఉంది. 2017 జనవరి 2 రాత్రి. 2017 డిసెంబర్ 22 రాత్రి. 2018 డిసెంబర్ 12 రాత్రి. యూదులు చనిపోయినవారి వార్షిక దినానికి ముందు సాయంత్రం, సూర్యాస్తమయం వేళ, ఒక రోజంతా వెలిగే కొవ్వొత్తి పెడతారు. దాన్ని యార్‌ట్సైట్ అంటారు. ‘అమ్మది శరదృతువులో వస్తుంది. నాన్న తల్లిదండ్రులవి వసంతంలో, వేసవిలో. ఇది ఎవరిదీ కాదు. పైగా ఏటా ఒక్కో తేదీన వెలిగిస్తున్నారు’ అన్నారామె, కళ్లనీళ్లతో. నేను నోట్సులో ‘కాలస్పృహ తగ్గింది’ అని రాసి ఇంటికి వచ్చాను.

ఆ మాట తప్పు. దాన్ని రాసింది నేనే కాబట్టి ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

లెక్క

ఆ రాత్రి ఇండియా నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. మా నాన్నగారి ఆబ్దికం పుష్యమాసంలో వస్తుంది. ‘2018లో అధిక జ్యేష్ఠం పడింది కదా, ఈసారి తిథి పంతొమ్మిది రోజులు వెనక్కి పోయింది, సెలవు చూసుకో’ అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ పంతొమ్మిది నా చెవిలోనే ఉండిపోయింది. నోటుపుస్తకంలోని తేదీలు కాగితం మీద రాసి తీసివేతలు చేశాను. మొదటి రెండింటి మధ్య 354 రోజులు. తర్వాతి రెండింటి మధ్య 355. అది సౌర సంవత్సరం కాదు, పన్నెండు చాంద్రమాసాలు. మతి తప్పిన మనిషి తేదీలు ఏటా పది, పదకొండు రోజుల చొప్పున వరుసగా ముందుకు జరగవు.

మర్నాడు మా బృందంలోని రబ్బీకి, అంటే యూదు మతగురువుకు, ఫోన్ చేశాను. ఆయన పంచాంగం చూసి చెప్పారు: మూడూ తేవెత్ నెల ఐదో రోజులే. యూదుల పంచాంగం మన చాంద్రమానం లాంటిదే. పంతొమ్మిదేళ్లలో ఏడుసార్లు అధికమాసం కలిపి రుతువులతో సరిచేస్తారు. ముఖ్యమైన తేడా ఒకటి, వాళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. రబ్బీ ఇంకో ముక్క కూడా చెప్పారు, నాకు అన్నిటికన్నా గట్టి ఆధారం అదే. హనుక్కా పండుగ ఎనిమిది రోజులు. అది కిస్లేవ్ నెలలో మొదలై తేవెత్‌లోకి వస్తుంది. కిస్లేవ్‌కు ఒక్కో ఏడు 29 రోజులు, ఒక్కో ఏడు 30. పండుగ ముగిసిన మూడో రోజు అని వేళ్ల మీద లెక్కపెట్టేవారు 29 రోజుల ఏడాదిలో ఒక రోజు తప్పుతారు. 2016 చివర్లో కిస్లేవ్‌కు 29 రోజులే. ఆ ఏడాది కూడా పెద్దాయన తప్పలేదు. తొంభై మూడేళ్ల వయసులో, ఎవరికీ చెప్పకుండా, తిథి క్షయాన్ని సైతం గమనించుకుంటూ దీపం పెట్టారు.

నర్సు నమోదు చేసిన మూడు విషయాలను మళ్లీ చదివాను. ఆ అర్థం కాని మాట ‘తేవెత్’. ఆమె అడిగింది తేదీ, ఆయన చెప్పింది సరైన తేదీ. నిప్పు దగ్గరకు వెళ్లే ముందు ఆక్సిజన్ ఆపడం తెలిసి చేసిన జాగ్రత్త, కొవ్వొత్తిని స్టీలు సింకులో పెట్టడం ఇంకో జాగ్రత్త. విడివిడిగా మూడు రోగలక్షణాలుగా కనిపించినవి, కలిపి చూస్తే ఒక మనిషి శ్రద్ధగా చేసిన ఒకే పని. ఊపిరాడని స్థితిలో ఆక్సిజన్ లేకుండా గంటలు గడపడం ప్రమాదమే, దాన్ని తేలికగా తీసుకోలేదు. మందు పెంచడం మాత్రం వద్దని బృందానికి రాశాను, నా పాత అంచనాను కొట్టేసి కారణం రాశాను.

ఏం అడగాలి

తర్వాతి వారం ప్రశ్నల కాగితం లేకుండా వెళ్లాను. మా వృత్తిలో సొంత విషయాలు రోగికి చెప్పకూడదన్నది సాధారణ నియమం, చెబితే సంభాషణ మన చుట్టూ తిరుగుతుందని. ఈసారి ఆ నియమం దాటాలని ముందే నిర్ణయించుకున్నాను. ఆయన దాచుకున్నదాన్ని నేను లెక్క వేసి పట్టుకున్నట్టు అనిపిస్తే తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. నేనూ ఆ తలుపు అవతల ఉన్నదాన్నేనని తెలియాలి.

‘మా నాన్నగారిని కూడా మేం చంద్రుడి తేదీకే తలచుకుంటాం’ అన్నాను. ఆయన నా వైపు చాలాసేపు చూశారు. ఆక్సిజన్ గొట్టాన్ని చెవి వెనక సర్దుకున్నారు. ‘ఏం చేస్తారు?’ అన్నారు. పిండాలు, నువ్వులు, నీళ్లు, కాకి కోసం ఎదురుచూడటం అన్నీ చెప్పాను. ఆయన అడిగిన రెండో ప్రశ్న ‘కూతుళ్లు చేయవచ్చా?’ మా ఇంట్లో అన్నయ్య చేస్తాడని, కొన్ని ఇళ్లలో ఇప్పుడు కూతుళ్లూ చేస్తున్నారని చెప్పాను. ‘కొడుకూ కూతురూ లేనివాడికి?’ అన్నారు.

ఆయన రెండు నెలలుగా మోస్తున్న ప్రశ్న అది. దాని కిందనే మరో ప్రశ్న ఉంది: నేను పోయాక ఈ దీపం ఎవరు పెడతారు?

ఆ రోజూ, మరో రెండు రోజులూ కొద్దికొద్దిగా చెప్పారు. 1944 డిసెంబర్ 16న జర్మన్లు ఆర్డెన్‌లో విరుచుకుపడేనాటికి హనుక్కా ఆరో రోజు. ఆయనతో ఒకే గుంతలో తలదాచుకున్న స్నేహితుడు బ్రూక్లిన్ కుర్రాడు, వయసు ఇరవై. సైనికుల మెడలోని రేకు బిళ్లల మీద మతాన్ని తెలిపే అక్షరం ఉండేది: ప్రొటెస్టెంట్లకు ‘పి’, కాథలిక్కులకు ‘సి’, యూదులకు ‘హెచ్’, అంటే హీబ్రూ. పట్టుబడితే ఆ ‘హెచ్’ ఏం తెచ్చిపెడుతుందోనన్న భయం వాళ్లలో చాలామందికి ఉండేది. ఆ భయం ఉత్తది కాదు, జర్మన్లకు పట్టుబడిన అమెరికా సైనికుల్లో 350 మందిని, యూదులను ఏరి మరీ కలిపి, బెర్గా అనే చోట వెట్టిచాకిరీకి పంపారు. పెద్దాయన బిళ్లలు తీసి మంచులో పూడ్చేశారు. స్నేహితుడు ఒప్పుకోలేదు. ఈయన గంటసేపు బతిమాలి తీయించారు. డిసెంబర్ 21 పగలు ఫిరంగి గుండు పడి స్నేహితుడు చనిపోయాడు. అదే రోజు ఈయనను కుళ్లిపోయిన పాదాలతో ఆస్పత్రికి తరలించారు. ఖననం చూడలేదు. హనుక్కా ముగిసి మూడో రోజు అని మాత్రం గుర్తుపెట్టుకున్నారు. తర్వాత ఒక సైనిక రబ్బీని అడిగి అది తేవెత్ 5 అని తెలుసుకున్నారు.

‘బిళ్లలు లేకుండా పాతారు కాబట్టి వాణ్ణి శిలువ కింద పడుకోబెట్టి ఉంటారు. నేను చెప్పబట్టే’ అన్నారు. ఆ కుర్రాడి తల్లిదండ్రుల వీధి ఆయనకు తెలుసు. ఒక్కసారి కూడా వెళ్లలేదు.

వెతకాలా, వద్దా

ఇక్కడ నేను దాదాపు మరో తప్పు చేశాను. ఎవరికీ చెప్పకుండా వెతికి, జవాబు మంచిదైతే చెబుదాం, చెడ్డదైతే మౌనంగా ఉందాం అనుకున్నాను. ఆయన భయం కల్పితం కాదు. యూదు సైనికులు పొరపాటున శిలువల కింద ఉండిపోయిన సమాధులు నిజంగానే ఉన్నాయి, వాటిని గుర్తించి యూదుల గుర్తైన దావీదు నక్షత్రం పెట్టించే పని ఇటీవలి ఏళ్లలో జరుగుతోంది. మా పర్యవేక్షకురాలు ఒకే మాట అడిగారు: ‘ఆ ప్రశ్న ఎవరిది?’ జవాబును వడకట్టి ఇచ్చే హక్కు నాకు లేదని అప్పుడు అర్థమైంది. ఆయననే అడిగాను. రెండు రోజులు తీసుకున్నారు. ‘చెడ్డ జవాబైనా నాదే’ అన్నారు.

కుమార్తెకు, పెద్ద మనుమడికి చెప్పడానికి ఆయనే ఒప్పుకున్నారు. కెమెరా ముందు కూర్చోబెట్టి సాధించలేనిది ఇలా జరిగింది: తండ్రి కథ వినడానికి కాకుండా, తండ్రికి ఒక పని చేసిపెట్టడానికి పిల్లలు ఆ యుద్ధంలోకి అడుగుపెట్టారు. విదేశాల్లోని అమెరికా సైనిక శ్మశానాల జాబితాలో ఆ పేరు లేదు. కుమార్తె కుంగిపోయారు, గుర్తు తెలియని శవంగా పాతేశారేమోనని. అయితే పేరు లేకపోవడానికి ఇంకో కారణం ఉండవచ్చు. యుద్ధం ముగిశాక ప్రభుత్వం కుటుంబాలనే అడిగింది, అక్కడే ఉంచాలా, ఇంటికి తేవాలా అని. 1947 నుంచి 1951 వరకు 1,70,000కు పైగా మృతదేహాలను స్వదేశానికి తెచ్చారు. మనుమడు సైనిక సమాధి రాళ్ల కోసం కుటుంబాలు పెట్టుకున్న పాత దరఖాస్తుల్లో వెతికాడు. పదకొండో రోజున దొరికింది.

ఆ కార్డు నకలును మనుమడు పెద్ద అక్షరాలతో ముద్రించి తెచ్చాడు. పేరు, దళం, మరణించిన తేదీ. రాయి మీద ఏ గుర్తు చెక్కాలి అన్నచోట చిన్న గళ్లు. ‘హీబ్రూ’ అన్న గడిలో టిక్కు. కింద వణికే చేతితో తండ్రి సంతకం. శ్మశానం న్యూయార్క్‌లోనే, పెద్దాయన ఇంటి నుంచి కారులో గంటన్నర దూరం.

ఆయన భూతద్దం తెప్పించుకుని ఆ టిక్కును చూశారు. సంతకం మీద వేలు పెట్టి, ‘వాళ్ల నాన్న దర్జీ. అక్షరాలు బాగా రాసేవాడు కాదు’ అన్నారు. తర్వాత చాలాసేపు ఏడ్చారు. అది ఉపశమనం మాత్రమే అని రాస్తే అబద్ధం అవుతుంది. అంత దగ్గరలో ఉన్నవాడి దగ్గరకు డెబ్భై ఏళ్లు వెళ్లలేదన్న బాధ కొత్తగా మొదలైంది. ఆ వారం రబ్బీ, నేను ఒకరి తర్వాత ఒకరం వెళ్లాం. ప్రయాణం చేసే స్థితి ఆయనకు లేదు. యూదులు సమాధి మీద పూలకు బదులు రాయి పెడతారు. తన పెరట్లోంచి ఒక గులకరాయి ఏరించి మనుమడికి ఇచ్చి పంపారు. మనుమడు ఫోటో తెచ్చాడు. ‘పక్కన ఎవరున్నారు?’ అని అడిగారు. అమ్మ ఒకవైపు, నాన్న ఒకవైపు. అంతే, ఇంకేమీ అడగలేదు.

ఏం రికార్డయింది

ఫిబ్రవరి రెండో వారంలో ఆయనే అడిగారు, ‘ఆ యంత్రం తెస్తావా?’ అని. తొమ్మిదిసార్లు కూర్చున్నాం, మొత్తం ఏడు గంటలు. అందులో యుద్ధం నలభై నిమిషాలు. మిగిలినదంతా దుకాణం, భార్య, పిల్లలు. మేకులను లెక్కపెట్టకుండా తూకం వేసి ఇచ్చే త్రాసు గురించే ఇరవై నిమిషాలు చెప్పారు, పెద్ద కూతురు అయిదేళ్లప్పుడు ఆ పళ్లెంలో కూర్చుంటానని మారాం చేస్తే కూర్చోబెట్టి, ఆమె బరువు ఎన్ని మేకులో గోడ మీద రాశారట. చలికాలంలో పొయ్యి చెడిపోయి వచ్చినవారికి సామాను అరువిచ్చి వసంతం దాకా అడగకపోవడం. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే దుకాణం కట్టేసి, చేతులకు నూనె మరకలు పోయేదాకా తోముకుని భార్య వెలిగించిన దీపాల ముందు నిలబడటం. కుమార్తె ఆ మేకుల కథ విని, ‘ఇది నాకెందుకు చెప్పలేదు నాన్నా?’ అంటే ఆయన, ‘నువ్వు యుద్ధం అడిగావు’ అన్నారు.

ఆ ఒక్క మాట మా బృందానికి రెండేళ్ల శిక్షణకు సరిపోయింది. తొంభై ఐదేళ్ల జీవితంలో సైన్యం మూడేళ్లు. మేమంతా ఆ మూడేళ్ల తలుపే తట్టాం, అది ఆయనకు గౌరవమనుకుని. ఇప్పుడు నేను కొత్త రోగి ఇంటికి వెళ్తే, ఏం గుర్తున్నాయని అడగడానికి ముందు ఏటా తప్పకుండా చేసే పనులేమిటో అడుగుతాను. ఇంటిలో ఏ పంచాంగం చూస్తారో అడుగుతాను. యూదు ఇంట్లోనే కాదు, ముస్లిం ఇంట్లో, చైనీయుల ఇంట్లో, మన ఇళ్లలో కూడా తేదీ ఒక్కటే కాదు. కాలస్పృహ పరీక్షలో తప్పు జవాబు వస్తే ఆ జవాబును అక్షరం పొల్లుపోకుండా రాసుకోమని నర్సులకు చెబుతున్నాం. ‘అర్థం కాని మాట’ అని రాస్తే అక్కడితో దారి మూసుకుపోతుంది.

అంత్యక్రియలకు సంబంధించి పనికొచ్చే ముక్క ఒకటి. సైనిక లాంఛనాలు కావాలంటే సైన్యం నుంచి విడుదలైన పత్రం చూపించాలి. యూదులు ఖననం ఆలస్యం చేయరు, సాధ్యమైతే మర్నాడే. అప్పుడు వెతికే సమయం ఉండదు. 1973లో సెయింట్ లూయిస్‌లోని రికార్డుల భవనం కాలిపోయి 1960కి ముందు సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్లలో దాదాపు 80 శాతం పోయాయి. ఆ రోజుల్లో చాలామంది సైనికులు తమ పత్రాన్ని స్థానిక కౌంటీ కార్యాలయంలో నమోదు చేయించుకునేవారు. మాకు నకలు అక్కడే దొరికింది. ముందుగానే తీసిపెట్టాం.

చివర

కొవ్వొత్తి సంగతి జనవరిలోనే తేల్చాం. ఆక్సిజన్ ఉన్నంతకాలం ఆ ఇంట్లో నిప్పు వద్దన్నదాన్ని ఆయన ఒప్పుకున్నారు. బల్బు దీపం ఇస్తామంటే, ‘అమ్మకైతే చాలు, వాడికి చాలదు’ అన్నారు. భార్య యార్‌ట్సైట్ కూడా కుమార్తె ఇంటి సింకులోనే పెట్టాలని, దానితో పాటు ఈ దీపమూ ఆమెదేనని నిర్ణయమైంది. ఆయన చెబుతుంటే ఆమె ఒక అట్ట మీద రానున్న ఏళ్ల తేదీలు రాసుకున్నారు. 2020 జనవరి 1 సాయంత్రం. 2020 డిసెంబర్ 19. 2021 డిసెంబర్ 8. 2022 డిసెంబర్ 28. ఒక తేదీ దగ్గర ఆయన ఆపి, సరిచూడమన్నారు. ఆమె రాసింది ఒక రోజు తప్పు.

మార్చి నెలాఖరులో, మంచం చుట్టూ ముగ్గురు పిల్లలూ ఉండగా, పెద్దాయన పోయారు. మర్నాడే ఖననం. సాదా చెక్క పెట్టె మీద జెండా కప్పారు. ఇద్దరు సైనికులు దాన్ని త్రికోణంగా మడిచి కుమార్తె చేతికిచ్చారు. బూరా ఊదారు. తర్వాత కుటుంబం ఒక్కొక్కరే మట్టి పోశారు, మొదటిసారి పారను తిరగేసి, దాని వీపుతో. ఈ పని చేయడానికి తొందర లేదని చెప్పడానికి అలా చేస్తారని మనుమడు నాకు చెప్పాడు. షివా అనే ఏడు సంతాప దినాల్లో ఒకరోజు వెళ్లాను. అద్దాలకు గుడ్డలు కప్పారు, పిల్లలు ఎత్తు తక్కువ కుర్చీల మీద కూర్చున్నారు. వంటగదిలో ఎవరో ఆ రికార్డింగు వినిపిస్తున్నారు, త్రాసు దగ్గరి ముక్క.

2020 జనవరి 1 సాయంత్రం నాలుగు దాటాక నా ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. స్టీలు సింకు, గాజు గ్లాసు, వెలుగుతున్న వత్తి. కింద కుమార్తె ఆ బ్రూక్లిన్ కుర్రాడి పూర్తి పేరు రాశారు.